మేకపాలకు ఏడాది ఆయుష్షు

మేకపాలకు మా కురిచేడులో బేరం లేదు. పాలకేంద్రంలో గేదెపాలు పోయించుకుంటారు, వెన్న శాతం చూసి చీటీ రాస్తారు. ఆవుపాలూ పట్టుకుంటారు. మేకపాలు తీసుకెళ్తే మాత్రం ముఖం చూసి నవ్వుతారు. టీ కొట్టాయన వాసన పేరు చెప్పి వద్దంటాడు. పసిబిడ్డకు దగ్గు తగ్గడం లేదనో, నాటుమందులో కలుపుకోవాలనో గ్లాసు పట్టుకొని వచ్చేవాళ్ళు ఉంటారు గానీ, గ్లాసెడు పాలకు డబ్బులు పుచ్చుకోవడం ఈ పక్క మర్యాద కాదు. డెంగీ జ్వరాల రోజుల్లో పట్నాల్లో మేకపాలకు ఉన్నట్టుండి గిరాకీ లేస్తుంది. ప్లేట్‌లెట్లు పెంచుతాయని పేరు. పెంచుతాయనడానికి వైద్యంలో గట్టి రుజువు లేదు. జ్వరాలు తగ్గితే ఆ గిరాకీ కూడా చల్లారిపోతుంది.

గుంటూరు నుంచి నంద్యాల పోయే రైలెక్కితే వినుకొండ దాటాక, దొనకొండ రాకముందు మా ఊరు వస్తుంది. కాలవ కింద వరి, మిరప. కాలవ ఎక్కని చేలల్లో కంది, పత్తి. గట్ల వెంట సుబాబుల్. మేకలు బతికేది ఆ గట్ల మీదే. సుబాబుల్ ఆకు, తుమ్మకాయ, వేపమండ, కంది పొట్టు, ఏది దొరికితే అది. ఇక్కడ మేకను పాల కోసం ఎవరూ సాకరు. మాంసానికి సాకుతారు, ఎరువుకు సాకుతారు. కోతలైపోయిన చేలో నాలుగు రాత్రులు మంద పెట్టించుకుంటే మరుసటి పైరు ఆ పెంట బలం మీద లేస్తుంది. నాటు మేక పిల్లకు తాపగా మిగిల్చేది అరలీటరుకు అటూఇటూ. పోతు మందలో మరీ దగ్గరగా తిరుగుతుంటే ఆ కాసిని పాలకూ దాని వాసన పట్టుకుంటుంది. ఎన్ని యాలక్కాయలు వేసి కాచినా వదలదు.

అయితే ఏడాదిలో కొన్నాళ్ళు ఈ లెక్క తారుమారవుతుంది. పండగల ముందు బేరగాళ్ళు వచ్చి పిల్లల్ని తోలుకుపోతారు. తల్లికి పాలు ఆ పూటే ఆగిపోవు గదా. పొదుగు బిగుస్తుంది, మేక రాత్రంతా అరుస్తుంది, పిండకుండా వదిలేస్తే పొదుగువాపు. అట్లా పిండిన పాలు తాగినన్ని తాగి, కుక్కకు పోసి, మిగిలినవి పెంటదిబ్బ పక్కన పారబోయడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. నేను సబ్బు చేసేది ఆ పాలతో. పిల్ల నోటికాడి పాలు లాక్కొచ్చి సబ్బులో పోసే పనైతే దాని గురించి రాయడానికి నాకు ముఖం చెల్లేది కాదు.

ఈ ముక్క ముందే చెప్పుకోవడానికి కారణముంది. మా వీధి చివర మేకలు కాసుకునే పెద్దమ్మ ఒకసారి పాలచెంబు నా చేతికిస్తూ నిలదీసింది.

"ఏందమ్మాయ్, పాలు పోసి సబ్బు చేస్తున్నావంట? ఒంటికి రుద్దుకొని కాలవలో కలిపేదానికి పాలెందుకే?"

"ఎట్టాగూ పారబోసేవే గదా పెద్దమ్మా."

"పారబోస్తే భూమి తాగుద్ది. సబ్బులో పోస్తే ఎవరు తాగాల?"

చదువుకున్నవాళ్ళు రాసిన ఏ సౌందర్య వ్యాసంలోనూ ఇంత సూటి ప్రశ్న నాకు కనపడలేదు. సబ్బు ఒంటి మీద ఉండేది ఎంతసేపు? అర నిమిషం. మహా అయితే నిమిషం. అది పుట్టిందే కడిగేసుకోవడానికి. అంతలో పోయేదానిలో పాలు కలపడం ఎందుకు?

లెక్క చూద్దాం. నేను కేజీ నూనెకు 300 గ్రాముల పాలు పోస్తాను. మేకపాలలో నూటికి 87 వంతులు నీళ్ళే. అంటే ఆ 300లో 260 గ్రాములు నీళ్ళు. మిగిలిన నలభైలో కొవ్వు పన్నెండు గ్రాములు, చక్కెర పదమూడు, మాంసకృత్తులు పది, కాస్త లవణాలు. కేజీ నూనె పక్కన పన్నెండు గ్రాముల పాలకొవ్వు! నీళ్ళలో చాలా భాగం సబ్బు ఆరేటప్పుడు గాలిలో కలిసిపోతుంది. విటమిన్ల సంగతి సరేసరి, కాస్టిక్ సోడా ముందు వాటిలో చాలావరకు నిలవవు. మిగిలే మేలు ఏమిటంటే, పాలలోని చక్కెర వల్ల నురగ కాస్త ఎక్కువొస్తుంది, కొవ్వు వల్ల ఆ నురగ మెత్తగా ఉంటుంది. అంతే. పాలస్నానాల క్లియోపాత్రా పేరు చెప్పి అమ్మేవాళ్ళు ఈ లెక్క చెప్పరు.

ఇంకో మాట కూడా అట్టపెట్టెల మీద తరచుగా చూస్తాం, మేకపాల పీహెచ్ మన చర్మం పీహెచ్‌కు దగ్గరని. పాల పీహెచ్ ఆరున్నర దాటుతుంది, చర్మానిది అయిదు దగ్గర. అదే దూరం అనుకుంటే, పాలు సబ్బుగా మారాక ఆ సబ్బు పీహెచ్ తొమ్మిదికీ పదికీ మధ్య కూర్చుంటుంది. నూనె నుంచి చేసిన ఏ సబ్బుదైనా అంతే. గాడిదపాలు పోసినా, గంగాజలం పోసినా మారదు.

మరి పెద్దమ్మకు ఏం చెప్పాలి? గేదెపాలకు నెయ్యి అనే దారి ఉంది. ఇవాళ్టి పాలు రేపటికి పెరుగు, ఎల్లుండికి వెన్న, ఆ పైన ఏడాదైనా ఉండే నెయ్యి. మేకపాలకు ఆ దారి లేదు. వాటిలో కొవ్వు బిందువులు మరీ చిన్నవి, మీగడ తొందరగా పైకి తేలదు, తోడేసిన పెరుగు గట్టిపడదు. కవ్వం పట్టుకు కూర్చుంటే చేతులు నొప్పి పుడతాయి గానీ వెన్న కంటికి ఆనదు. ఐరోపాలో ఆ పాలను చీజ్ చేసి నిలవ పెట్టుకున్నారు. మనకు ఆ అలవాటు లేదు. మాఘంలో చింతపండు, ఎండాకాలంలో ఆవకాయ, వడియాలు, కారం, ఏది చేతికందితే దాన్ని ఏడాదికి నిలబెట్టే ఇల్లాలికి మేకపాలు మాత్రం కొరుకుడు పడలేదు. పొద్దున పిండినవి సాయంత్రానికి విరిగిపోయే ఆ పాలను ఏడాది పొడుగునా ఉంచగలిగే పద్ధతి నాకు తెలిసినంతలో ఇదొక్కటే. అందుకని మేకపాల సబ్బును నేను సౌందర్య సాధనాల వరసలో కన్నా జాడీల వరసలో పెడతాను. చేసేటప్పుడు పాటించాల్సిన శ్రద్ధ కూడా ఆవకాయ శ్రద్ధే. తడి తగలకూడదు, తొందర పడకూడదు, ఊరవలసినన్నాళ్ళు ఊరాలి.

పోలిక అక్కడితో ఆగిపోతుంది. ఆవకాయలో అందాజు నడుస్తుంది, సబ్బులో నడవదు. మన వంటిళ్ళన్నీ చేతి అందాజు మీద నడిచేవే. మా అమ్మ పులిహోరలో ఉప్పు ఎప్పుడూ కొలవలేదు, ఎప్పుడూ తప్పలేదు. సబ్బుకు గ్రాములు కావాలి, పిండిమరలో వాడే తక్కెడ కూడా చాలదు, అంకెలు చూపే చిన్న కాటా ఉండాలి. ఎందుకంటే ఒక్కొక్క నూనె సబ్బుగా మారడానికి అడిగే కాస్టిక్ సోడా ఒక్కో రకం. కేజీ కొబ్బరినూనెకు 183 గ్రాముల దాకా పడుతుంది. వేరుశెనగ నూనెకు 136, ఆముదానికి 128. సోడా తగ్గితే సబ్బు జిడ్డోడుతుంది, కొన్నాళ్ళకు మక్కు వాసన. ఎక్కువైతే ఒళ్ళు మండుతుంది. నా పాళ్ళు ఇవి: కొబ్బరినూనె అరకేజీ, వేరుశెనగ నూనె 400 గ్రాములు, ఆముదం 100. దీనికి లెక్క ప్రకారం 159 గ్రాముల దాకా సోడా పట్టాలి. నేను 150తో ఆపుతాను. నూటికి అయిదు వంతుల నూనె సబ్బు కాకుండా నూనెగానే మిగిలిపోతుంది, చర్మం పగలకుండా కాపాడేది అదే. పాలు చేస్తాయని జనం అనుకునే మేలులో పెద్ద వాటా నిజానికి ఈ వదిలేసిన నూనెది, సబ్బులోనే పుట్టే గ్లిసరిన్‌ది.

సోడాల దగ్గర ఒక హెచ్చరిక. మన కిరాణా కొట్లలో సోడా అంటే మూడు రకాల వస్తువులు చేతికి రావచ్చు. బజ్జీల్లో వేసేది వంట సోడా. బట్టలకు వేసేది చాకలి సోడా. సబ్బుకు కావలసింది కాస్టిక్ సోడా, రేకులుగానో పూసలుగానో ఉంటుంది, తడి చెయ్యి తగిలితే చర్మం జారి కాలుతుంది. మొదటి రెండింటితో ఇంట్లో నూనె సబ్బు కాదు. మూడోదాన్ని పిల్లల చేతికందేచోట పెట్టకూడదు. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి. పొరపాటున మీద పడితే ధారగా నీళ్ళు, ఆగకుండా నీళ్ళు. ఇంకే చిట్కా వద్దు. సత్తు గిన్నె అసలు దగ్గరికి రానివ్వకూడదు, కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తూ మండే వాయువును వదులుతుంది. స్టీలు గిన్నె, లేదా గట్టి ప్లాస్టిక్ బకెట్టు. ఆ గిన్నె మళ్ళీ వంటకు వాడను.

శుభ్రం చేసే వస్తువు ఒంటి లోపలికి పోతే ఏమవుతుందో మా ఊరికి ఒకరు చెప్పనక్కర్లేదు. 2020 జులై ఆఖరులో, కరోనా కట్టడితో మద్యం దుకాణాలు మూసేసినప్పుడు, చేతులకు రాసుకునే శానిటైజర్ తాగి ఇక్కడ పదిమందికి పైగా చనిపోయారు. దేశమంతా కురిచేడు పేరు విన్నది అప్పుడే. అందుకే మా ఇంట్లో సోడా డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి, తాళం వేసి పెడతాను. చదవడం రానివాళ్ళ కోసం పుర్రె బొమ్మ కూడా అతికించాను.

ఇక పాలు. పచ్చిపాలలో సోడా వేస్తే ఏమవుతుందో చూడాలంటే గుప్పెడు పాలు చాలు. సోడా కరిగేటప్పుడు పుట్టే వేడికి పాలు సలసలమని, అందులోని చక్కెర మాడి, నారింజ రంగు దాటి ముదురు గోధుమరంగులోకి పోతాయి. గదంతా అమ్మోనియా కంపు. అందుకని పాలను ముందు రోజే వడకట్టి, ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తాం. ఆ గడ్డల్ని స్టీలు గిన్నెలో వేసి, గిన్నెను చన్నీళ్ళ తొట్టిలో పెట్టి, సోడాను చెంచా చెంచాగా చల్లాలి. ఎప్పుడూ పాలలోకి సోడా, సోడా మీదికి పాలు కాదు. మొదటి చెంచాకు గడ్డల అంచులు నిగనిగలాడతాయి. రెండు మూడు చెంచాలకు అడుగున పలచని ద్రవం చేరుతుంది, తెలుపు నుంచి నిమ్మపండు రంగుకు తిరుగుతుంది. గిన్నె పక్క తడిమితే గోరువెచ్చన. అంతకు మించి వేడెక్కుతుంటే చెయ్యి ఆపి, కలుపుతూ నిలబడాలి. పాలలోని కొవ్వు అప్పుడే సబ్బుగా మారడం మొదలుపెడుతుంది, చెంచా వెనక మెత్తటి పలుకులు తగులుతాయి. అది చెడిపోవడం కాదు, పనికి శ్రీకారం. ఈ పని సగంలో ఉండగా కరెంటు పోయినా ఫరవాలేదు గానీ, ముందు రోజు రాత్రి పోతే మొత్తం వాయిదా.

ఆ ద్రవాన్ని గోరువెచ్చని నూనెల్లోకి వడకట్టి, చేతి మిక్సీతో కాసేపు తిప్పి, కాసేపు ఆపి, మళ్ళీ తిప్పాలి. నూనె మెరుపు పోయి, మిశ్రమం చిక్కబడి, గరిటెతో పైనుంచి ఒక గీత జారవిడిస్తే అది మునగకుండా నిలబడాలి. చేసేవాళ్ళు దాన్ని ట్రేస్ అంటారు. అప్పుడు బటర్ పేపరు పరిచిన చెక్కపెట్టెలోకి పోసెయ్యాలి. మామూలు సబ్బుకు దుప్పటి కప్పి వెచ్చగా ఉంచమంటారు. పాల సబ్బుకు కప్పకూడదు, లోపలి వేడికి నడిమి భాగం ఉబ్బి పగులుతుంది. మే నెలలో మా ఊరి ఎండ నలభై నాలుగు, నలభై అయిదు. ఆ రోజుల్లో ఈ పని పెట్టుకోను. దైవం కలిసొచ్చినట్టు, కనుమకు పిల్లలు అమ్ముడుపోయి తల్లుల పొదుగులు బిగిసేది సంక్రాంతి చలిలోనే. కొబ్బరినూనె తెల్లారేసరికి సీసాలో గడ్డకట్టి ఉంటుంది, పాలు తొందరగా చల్లబడతాయి. ఒకటి రెండు రోజులకు సబ్బు కోతకు వస్తుంది. కోసిన బిళ్ళల్ని వెదురు బుట్టలో దూరదూరంగా పేర్చి గాలాడేచోట పెట్టాలి. నాలుగు నుంచి ఆరు వారాలు. సబ్బు అయ్యే పని చాలావరకు తొలి రెండు రోజుల్లోనే అయిపోతుంది, మిగతా రోజులు నీరు పోయి బిళ్ళ గట్టిపడడానికి. గట్టిపడని సబ్బు చెడ్డదేం కాదు, వారం తిరక్కుండా కరిగిపోతుంది, అంతే. ఉగాది తలంట్ల నాటికి నాది సిద్ధం.

మొదటి నుంచీ ఇంట్లోనే చేశానని చెప్పుకోవడం నాకూ ఇష్టమే. కాని ఆ 'మొదలు' ఎక్కడ? కొబ్బరినూనె మాది కాదు, మా నేలలో కొబ్బరి ఎక్కడిది. వేరుశెనగ ఎక్కడో ఆడించింది. కాస్టిక్ సోడా అయితే ఉప్పునీళ్ళలోకి కరెంటు పంపి తీసే ఫ్యాక్టరీ సరుకు. గోదావరి ఒడ్డున కొవ్వూరులో ఆంధ్రా షుగర్స్ వాళ్ళు, కర్నూలు దగ్గర రాయలసీమ ఆల్కలీస్ వాళ్ళు చేసేది అదే. ఇంటి సబ్బులో కెమికల్ లేదనేవాళ్ళు ఈ సంగతి మింగేస్తారు. కాస్టిక్ సోడా తగలకుండా నూనె సబ్బు బిళ్ళ కాదు. బిళ్ళగా గట్టిపడేసరికి సోడా సోడాగా మిగలదు, ఇదీ నిజమే. ఒకప్పుడు చాకలివాళ్ళు చౌడు నేలల్లోంచి సవుడు మన్ను ఎత్తుకొచ్చి బట్టలు బానలో ఉడకేసేవాళ్ళు. అదీ క్షారమే. అప్పుడది నేలలోంచి వచ్చేది, ఇప్పుడు సంచిలో వస్తుంది.

అన్నిటికన్నా మా సొంతమైనది ఒకటుంది, నీళ్ళు. సబ్బు గురించి రాసేవాళ్ళు నూనెల గురించి పేజీలు నింపుతారు, నీళ్ళ ఊసెత్తరు. పడమటి ప్రకాశంలో పుట్టినవాళ్ళకు అది కుదరదు. మా బోరు నీళ్ళలో కందిపప్పు ఉడకదు, బిందె అంచున తెల్లటి పక్కు కడుతుంది. కనిగిరి, మార్కాపురం పక్కల ఫ్లోరైడు కూడా తోడైంది. అలాంటి నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకొని తెల్లటి తెట్టుగా మార్చేస్తాయి. రుద్దినకొద్దీ తెట్టే గానీ నురగ ఉండదు. బకెట్టు చుట్టూ బూడిదరంగు వలయం కనపడితే అది మన మురికి అనుకుంటాం, చాలావరకు సబ్బే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్ళు వదిలారు. కుడికాలవ మా దాకా వచ్చింది. కాలవ నీళ్ళతో స్నానం చేసినవాడికి, బోరు నీళ్ళతో చేసినవాడికి ఒకే సబ్బు రెండు సబ్బులు. కాలవ పారేటప్పుడు 'నీ సబ్బు బ్రహ్మాండం' అన్న చుట్టమే, కాలవ కట్టేశాక 'ఈసారి ఏదో తేడా చేశావు' అంటాడు. నేను చేసిన తేడా ఏమీ ఉండదు.

నా పాళ్ళలో సగం కొబ్బరినూనె ఉండడానికి కారణం ఈ నీళ్ళే. కొబ్బరినూనె సబ్బు ఎంత గట్టి నీళ్ళలోనైనా, సముద్రపు నీళ్ళలోనైనా నాలుగు బుడగలు లేపుతుంది. ఆలివ్ నూనెతో చేస్తే ఎక్కడో గొప్పగా ఉండొచ్చు, దొనకొండ బోరు కింద నిలవదు. సబ్బు పాఠం నేర్పేవాళ్ళు ముందు మీ ఊరి నీళ్ళు ఎట్లాంటివని అడగాలని నా పట్టుదల.

నీళ్ళ సంగతి మా తాతమ్మలకు బాగా తెలుసనిపిస్తుంది. కుంకుడురసం సబ్బులాగా తెట్టు కట్టదు. దానిలో నురగ పుట్టించే పదార్థానికి కాల్షియంతో వైరం లేదు. నల్లమల నుంచి వచ్చే కుంకుడుకాయ, సీకాయ, ఇంట్లో విసిరిన నలుగుపిండి, ఇవన్నీ మా ఉప్పునీళ్ళకు సరిపోయిన వస్తువులు. 1888లో సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దిగాయి, 1916లో మైసూరు ప్రభుత్వం బెంగుళూరులో సబ్బుల ఫ్యాక్టరీ పెట్టింది, 1920లో కలకత్తా కెమికల్ వాళ్ళ మార్గో వచ్చింది. సబ్బు మంచిదైంది, చవకైంది, వీధి వీధికీ వచ్చింది. మా నీళ్ళు మాత్రం మారలేదు. తలకు నేనిప్పటికీ కుంకుడుకాయే వాడతాను, సబ్బు చేసే మనిషినై ఉండి కూడా.

మేకపాలనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది గాంధీగారు. దక్షిణాఫ్రికాలో ఉండగా 1912లో పాలు మానేస్తానని వ్రతం పట్టారు. గుజరాత్‌లో ఖేడా జిల్లా తిరుగుళ్ళ తర్వాత విరేచనాలతో చావు అంచుకు వెళ్ళినప్పుడు, మీరు మానింది ఆవు, గేదెల పాలే గదా, మేకపాలకు అడ్డేముందని కస్తూరిబా అడ్డంగా పట్టుకున్నారు. ఆయన లొంగారు. మాట నిలిచింది గానీ వ్రతం ఆత్మ దెబ్బతిన్నదని ఆత్మకథలో తానే రాసుకున్నారు. లోకమంతటికీ మేకపాలను తెలియజేసిన ఆ మనిషి ఒంటికి సబ్బు వాడేవారు కాదు. శిష్యురాలు మీరాబెన్ ఇచ్చిన ఒక గరుకు రాయి ఉండేది, దానితో రుద్దుకునేవారు. 1947లో నోవాఖాలీ పాదయాత్రలో ఆ రాయిని వెనక ఊళ్ళో మర్చిపోయినందుకు మనవరాలి వరసైన మనూ గాంధీని ఒంటరిగా వెనక్కి పంపి వెతికించి తెప్పించారు. పెద్దమ్మకు ఈ కథ చెబితే, "ఆయన పాలు తాగాడు, రాయితో రుద్దుకున్నాడు. ఏది దేనికో తెలిసినోడు" అంది. నేను తలవంచుకొని చెంబు పుచ్చుకున్నాను.

పట్నంలో ఇప్పుడు మేకపాల సబ్బు బిళ్ళ నూటయాభై, రెండొందలు పలుకుతోంది. వాటిలో చాలా వాటికి నూనెతో పరిచయమే ఉండదు. అంగట్లో దొరికే తయారు సబ్బు దిమ్మెను కరిగించి, కాసిని పాలో, పాలపొడో కలిపి, పువ్వుల అచ్చులో పోసి 'హ్యాండ్‌మేడ్' చీటీ అంటిస్తారు. అది తప్పు పని కాదు, పిల్లలకు సరదా కూడా. కరిగించి పోశామని చెప్పి అమ్మాలి, అంతే. మొదటి నుంచీ చేసి అమ్మేవాళ్ళకూ ఒక బాధ్యత ఉంది. అమ్మకానికి చేసే సబ్బు మన చట్టంలో కాస్మెటిక్ కిందికి వస్తుంది, తయారీకి ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు ఉండాలి. డ్వాక్రా సంఘాల వాళ్ళకు ఎవరైనా రెండు రోజుల శిక్షణ ఇచ్చి వదిలేస్తే సరిపోదు. కాటా ఎట్లా చూడాలో, సోడా ఎక్కడ దాచాలో, లైసెన్సు ఎట్లా తెచ్చుకోవాలో కూడా చెప్పి వెళ్ళాలి.

ఈ వ్యవహారంలో నాకు మింగుడుపడనిది ధర. రెండొందల బిళ్ళలో పాలు ఇరవై, ముప్ఫై గ్రాములకు మించవు. అట్ట మీద పెద్ద అక్షరాలు పాలవి, బొమ్మ మేకది, డబ్బులు మాత్రం ఆ రెండింటి వైపూ రావు. మేకలు కాసేవాళ్ళ ఇంట్లో స్నానాల గూట్లో ఉండేది పది రూపాయల బిళ్ళ. నేను పెద్దమ్మకు లీటరుకు కేంద్రంలో గేదెపాలకు ఇచ్చే రేటే ఇస్తున్నాను. మొదట్లో పారబోసేవాటికి డబ్బులేందని కసిరింది. ఇప్పుడు బేరగాడు వచ్చి పిల్లల్ని తోలుకుపోయిన రోజే కబురు పెడుతుంది, రేటు కూడా తనే గుర్తు చేస్తుంది. సబ్బు మటుకు ఇంతవరకూ ఒక్క బిళ్ళ కూడా పుచ్చుకోలేదు.

మేకపాల సబ్బు కొనాలనుకునేవాళ్ళు అమ్మేవాళ్ళను మూడు సంగతులు అడగండి. నూనెతో చేసిందా, దిమ్మె కరిగించి పోసిందా? కోశాక ఎన్ని వారాలు ఆరబెట్టారు? పాలు పిండినవాళ్ళకు లీటరుకు ఎంత ఇచ్చారు? మొదటి రెండింటికీ జవాబులు ఎవరైనా గడగడా చెబుతారు. మూడోదానికి తడుముకుంటే మాత్రం కొనకండి.